పచ్చదీపం పడగానే ఎంత నొక్కాలి?

సభ్యుల ఇంటి నుంచి వినియోగదారుని గుమ్మం దాకా పాలు ఎన్ని చక్రాల మీద తిరుగుతాయో మనకు తెలియనిది కాదు. సభ్యుడు మోటారు సైకిలు మీద క్యాను తెచ్చి సంఘంలో పోస్తాడు. సంఘం నుంచి రూటు వ్యాను పాలను బల్క్ కూలరుకో, శీతలీకరణ కేంద్రానికో చేరుస్తుంది. అక్కడి నుంచి ట్యాంకరు డెయిరీకి తీసుకుపోతుంది. డెయిరీ నుంచి ప్యాకెట్ల వ్యాను తెల్లవారకముందే పట్టణంలోని బూతులకు బయలుదేరుతుంది. ఈ నాలుగు మజిలీల ఖర్చు సభ్యుని పాస్‌బుక్కులో ఎక్కడా విడిగా కనిపించదు. కాని పాల ధర కట్టేటప్పుడు ఆ ఖర్చు పోగా మిగిలినదే మన చేతికి వస్తుంది.

డీజిల్ ధర మనం నిర్ణయించేది కాదు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తున్నది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఎగుమతిని బిగించినప్పుడు కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర దాదాపు నాలుగు రెట్లయింది. ఆ దెబ్బ తిన్న తరువాతనే 1978లో కేంద్ర ప్రభుత్వం ఇంధన పొదుపు కోసం పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్‌ను ఏర్పాటు చేసింది. ధర మన చేతిలో లేకపోయినా, ఎంత కాలుస్తామన్నది చాలావరకు డ్రైవరు కుడికాలిలో ఉన్నది.

అందుకే ఈ సంచికలో చిన్నదిగా కనిపించే ఒక విషయాన్ని తీసుకున్నాము. ఆగి ఉన్న బండి ఎలా కదలాలి? పట్టణంలో ఈ ప్రశ్న సిగ్నలు దీపం దగ్గర వస్తుంది. పల్లెలో మన సంఘం గుమ్మం దగ్గర వస్తుంది. రూటు వ్యానుకు ప్రతి సంఘమూ ఒక ఎర్రదీపమే. రైల్వే గేటూ ఎర్రదీపమే, బడి ముందరి స్పీడ్ బ్రేకరూ ఎర్రదీపమే.

కదిలించడమే ఖరీదు

ఎద్దులబండి తోలినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. బరువు బండిని కదిలించేటప్పుడే ఎద్దులు మెడ వంచి గిట్టలు తన్నిపట్టి లాగుతాయి. కదిలిన తరువాత అదే బరువు వాటికి అంత బరువనిపించదు. మోటారు బండికీ అంతే. నడుస్తున్న బండిని నడిపిస్తూ ఉండటానికి కావలసిన శక్తి తక్కువ, నిలిచిన బండికి వేగం తెప్పించడానికి కావలసిన శక్తి ఎక్కువ.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన లెక్క ఒకటి ఉన్నది. వేగం రెండింతలైతే దానికి పెట్టవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. 20 కిలోమీటర్ల వేగానికి ఒక వంతు పెడితే 40కి నాలుగు వంతులు, 60కి తొమ్మిది వంతులు పెట్టాలి.

పాలతో నిండిన వ్యాను మొత్తం బరువు 6 టన్నులు అనుకుందాం. దానిని నిలిచిన చోటి నుంచి గంటకు 40 కిలోమీటర్ల వేగానికి తేవాలంటే సుమారు 3,70,000 జౌళ్ళ శక్తి కావాలి. 60కి తేవాలంటే 8,30,000 జౌళ్ళకు పైగా కావాలి. లీటరు డీజిల్‌లో దాదాపు 360 లక్షల జౌళ్ళ శక్తి ఉన్నా, ఇంజను వేడి, పొగ, రాపిడి పోగా చక్రాలకు చేరేది నాలుగో వంతు అని వేసుకోవచ్చు. ఆ లెక్కన 40 వేగానికి ఒక్కసారి కదలడానికి సుమారు 40 మిల్లీలీటర్ల డీజిల్, 60 వేగానికి సుమారు 90 మిల్లీలీటర్ల డీజిల్ అవుతుంది. తేడా 50 మిల్లీలీటర్లు. అంటే చిన్న టీ గ్లాసులో సగం.

ఈ డీజిల్ ఎక్కడికి పోతుంది? బండి సాగుతున్నంత సేపూ వేగం రూపంలో మన దగ్గరే ఉంటుంది. బ్రేకు నొక్కిన క్షణాన డ్రమ్ముల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. బాగా బ్రేకులు వేసి వచ్చిన బండి డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే తగిలే వేడి మనం కొన్న డీజిలే. నూతి నుంచి చేదతో తోడిన నీళ్ళను ఇసుకలో పోసినట్లు ఉంటుంది ఆ పని. విద్యుత్తుతో నడిచే కొత్త బండ్లలో బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరే ఏర్పాటు ఉన్నది. మన డీజిల్ వ్యానులకు ఆ ఏర్పాటు లేదు. పోయింది పోయినట్లే.

కాబట్టి సిగ్నలు దగ్గర అసలు ప్రశ్న ‘ఎంత గట్టిగా నొక్కాలి’ అన్నది ఒక్కటే కాదు. ‘ఎంత వేగం దాకా నొక్కాలి, ఆ వేగాన్ని మళ్ళీ ఎక్కడ పారబోస్తాము’ అన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న.

రెండు నమ్మకాలు

బండి కదిలించే విషయంలో రెండు రకాల నమ్మకాలు మనవారిలో ఉన్నాయి.

మొదటిది, పచ్చదీపం పడగానే పెడలును అడుగంటా తొక్కితే పని త్వరగా అవుతుందని. కొన్ని కూడళ్ళలో ఎర్రదీపం పక్కన అంకెలు తగ్గుతూ కనిపిస్తాయి. అయిదు, నాలుగు, మూడు అని వస్తుండగానే నిలిచిన చోటనే ఇంజనులు రొద పెట్టడం అందరూ వినే ఉంటారు. ఆ రొదకు బండి అంగుళం కూడా ముందుకు పోదు.

రెండవది, దీనికి పూర్తిగా ఎదురు. పెడలు మీద కాలు ఆనించీ ఆనించనట్లు పెట్టి, మొదటి గేరులో కొంతసేపు, రెండవ గేరులో కొంతసేపు పాకించుకుంటూ పోతే డీజిల్ మిగులుతుందని. ఇలా నడిపేవారు జాగ్రత్తపరులే. కాని ఈ పద్ధతిలోనూ నష్టం ఉన్నది. ఎందుకో తెలియాలంటే ఇంజను మేత సంగతి తెలియాలి.

ఇంజనుకూ పోషణ దాణా ఉన్నది

పశువుకు రెండు రకాల మేత కావాలని మన పశువైద్యులు ఎప్పుడూ చెబుతూనే ఉంటారు. శరీర పోషణకు కొంత, పాల ఉత్పత్తికి కొంత. గేదెకు పోషణ దాణా పోను ప్రతి 2 లీటర్ల పాలకు ఒక కిలో దాణా అని మోటు లెక్క. రెండు లీటర్లిచ్చే గేదే పోషణ మేత తింటుంది, పది లీటర్లిచ్చే గేదే తింటుంది. అందుకే తక్కువ పాలిచ్చే గేదె దగ్గర లీటరు పాలకు మేత ఖర్చు ఎక్కువ పడుతుంది.

ఇంజను కూడా అలాంటిదే. బండిని లాగినా లాగకపోయినా, తన పిస్టన్లను తాను ఆడించుకోవడానికి, పంపులను తిప్పుకోవడానికి, ఒక్కొక్క చుట్టుకు ఇంత అని ఇంధనం తింటుంది. ఇది దాని పోషణ దాణా. పెడలు మీద కాలు ఆనీ ఆననట్లు పెట్టి చిన్న గేరులోనే పాకిస్తే, ఇంజను చుట్లు ఎక్కువ తిరుగుతుంది, చేసే పని తక్కువ. అంటే రెండు లీటర్ల గేదెను మేపినట్లు. పెట్రోలు ఇంజనులో దీనికి తోడు మరొక నష్టం ఉన్నది. కొద్దిగా మాత్రమే తెరిచిన మూత సందులోంచి గాలిని పీల్చుకోవడానికే దాని బలం కొంత ఖర్చవుతుంది.

ఇక పెడలును అడుగంటా తొక్కితే ఏమవుతుంది? పాలు పెంచాలని గేదె ముందు ఒక్కసారిగా గంపెడు దాణా పోసినట్లవుతుంది. అరిగినంత అరుగుతుంది, మిగిలింది పేడలో పోతుంది. పాత డీజిల్ బండి వెనుక గుప్పుమని వచ్చే నల్లపొగ సరిగ్గా అదే, అరగని డీజిల్. కొత్తగా వచ్చిన బి.ఎస్.-6 బండ్లలో పొగ కంటికి కనబడకపోవచ్చు. కాని పెడలు అడుగంటా తొక్కి, ఇంజను అరిచేదాకా గేరు మార్చకుండా లాగితే వాటిలోనూ ఖర్చు ఎక్కువే. చుట్లు పెరిగేకొద్దీ లోపలి రాపిడి పెరుగుతుంది.

లాభం ఈ రెంటికీ నడుమ ఉన్నది. పెడలును సగానికి పైగా, పూర్తిగా కాకుండా నొక్కాలి. ఇంజను ఇంకా తక్కువ చుట్లలో ఉండగానే పై గేరు వెయ్యాలి. చుట్లు చూపించే మీటరు ఉన్న బండిలో ముల్లు ఆకుపచ్చ పట్టీ దాటకుండా చూసుకోవాలి. మీటరు లేకపోతే చెవే మీటరు. ఇంజను గొంతు పెంచి అరవకముందే గేరు మారాలి. అలాగని బండి వణికేటంత ముందుగా పై గేరు వేసినా మంచిది కాదు. అది ఇంజనును నొక్కేస్తుంది. మొదటి గేరు బండిని కదిలించడానికి మాత్రమే. నాలుగైదు మీటర్లు కదలగానే దాని పని అయిపోయినట్లు. ఖాళీ క్యాన్లతో తిరిగి వెళ్ళేటప్పుడు బరువు తక్కువ కనుక పెడలు అవసరం ఇంకా తగ్గుతుంది.

తొందర వల్ల మిగిలే కాలమెంత?

‘నెమ్మదిగా పోతే పాలు విరిగిపోతాయి గదండీ, అప్పుడు మాట పడేది మేమే గదా’ అంటారు డ్రైవర్లు. ఇది తీసివేయవలసిన మాట కాదు. పితికిన పాలు వీలైనంత త్వరగా చల్లబడాలి. ఎండాకాలం సాయంత్రం పూట అరగంట ఆలస్యం కూడా లెక్కలోకి వస్తుంది. అందువల్ల కాలం లెక్క కూడా వేసి చూద్దాం.

నిండు వ్యాను ఒక డ్రైవరు చేతిలో 10 సెకండ్లలో 40 వేగానికి వచ్చిందనుకోండి. మరొక డ్రైవరు చేతిలో 16 సెకండ్లలో వచ్చిందనుకోండి. ఇద్దరికీ మధ్య తేడా 6 సెకండ్లు అనిపిస్తుంది. కాని రెండవ బండి ఆ సమయంలో నిలిచి లేదు, అది కూడా ముందుకు పోతూనే ఉన్నది. లెక్క కడితే అసలు తేడా 3 సెకండ్లే. ఒక ట్రిప్పులో 20 సార్లు ఆగి కదిలితే మొత్తం మీద మిగిలేది 60 సెకండ్లు, అంటే ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం పెడలు అడుగంటా తొక్కి, క్లచ్చి ప్లేటు అరగదీసి, డీజిల్ పొగబెట్టుకుంటున్నాము.

ఒక్క సంఘం దగ్గర క్యాన్లు సిద్ధంగా లేక వ్యాను 5 నిమిషాలు నిలిచిందంటే, అయిదు ట్రిప్పుల్లో ఇలా దూకుడుగా కదిలి సంపాదించిన కాలమంతా పోయినట్లే. ఈ మాట డ్రైవర్ల కోసం చెప్పింది కాదు, సంఘాల కోసం చెప్పింది.

దూరం ఎక్కువగా ఉన్నచోట సంగతి వేరు. రెండు సంఘాల నడుమ ఏడెనిమిది కిలోమీటర్ల మంచి రోడ్డు ఉంటే, 40లో పోవడానికీ 55లో పోవడానికీ మధ్య మూడు నిమిషాల దాకా తేడా వస్తుంది. అక్కడ ఆ వేగం తీసుకోవడంలో తప్పు లేదు. ఒకసారి పెట్టిన శక్తి ఏడెనిమిది కిలోమీటర్లు పనిచేస్తుంది. పెట్రోలియం పొదుపు సంస్థ వారు కూడా 45 నుంచి 55 కిలోమీటర్ల వేగాన్నే పొదుపు వేగంగా చెబుతూ వచ్చారు. మేము వద్దంటున్నది కిలోమీటరు దూరంలో మరో సంఘం ఉండగా, ఊరి నడుమ మలుపు ఉండగా, 400 మీటర్లలో మరో సిగ్నలు ఎర్రగా కనిపిస్తుండగా 60 దాకా లాగి బ్రేకు తొక్కడాన్ని. ఎదుటి దీపం ఎర్రగా ఉంటే ముందు వెళ్ళినవాడు ముందు ఆగుతాడు, అంతే. వెనుక వచ్చినవాడు పక్కనే ఆగుతాడు. ఇద్దరూ కలిసే బయలుదేరుతారు.

ఇక డబ్బు లెక్క. ట్రిప్పులో ఆగే 20 చోట్లలో ఇలా అనవసరంగా 60 దాకా లాగి బ్రేకు వేసేవి 10 అనుకుందాం. ఒక్కోసారి 50 మిల్లీలీటర్ల చొప్పున ట్రిప్పుకు అర లీటరు. ఉదయం, సాయంత్రం రెండు ట్రిప్పులకు ఒక లీటరు. పాలకు ఆదివారం లేదు, పండుగ లేదు. ఏడాదికి 365 లీటర్లు. ఇది కాగితం మీది లెక్క. రోడ్డును బట్టి, బండిని బట్టి కొంత అటూ ఇటూ కావచ్చు. ఈ అంకెను మీ ఊరి బంకులోని డీజిల్ ధరతో హెచ్చించి, మీ రూట్ల సంఖ్యతో మరోసారి హెచ్చించి చూసుకోమని కోరుతున్నాము.

తరువాతి దీపాన్ని చూసి నడపాలి

నేర్పుగల డ్రైవరు చూపు తన ముందున్న బండి మీదనే కాక, దాని ముందున్న కూడలి మీద కూడా ఉంటుంది. దూరాన దీపం ఎర్రగా కనిపిస్తే, లేదా పచ్చగా చాలాసేపటి నుంచి వెలుగుతూ ఉంటే, నూట యాభై మీటర్ల ముందే పెడలు మీద నుంచి కాలు తీసివేస్తాడు. గేరు మాత్రం తీయడు.

గేరులో ఉంచి కాలు తీసినప్పుడు ఇప్పటి డీజిల్ బండ్లలోనూ, ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే పెట్రోలు బండ్లలోనూ ఇంజనుకు ఇంధనం పోవడం ఆగిపోతుంది. చక్రాలే ఇంజనును తిప్పుతూ ఉంటాయి. ఇంజను చుట్లు బాగా తగ్గినప్పుడే మళ్ళీ ఇంధనం మొదలవుతుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి ఇంధనం పోతూనే ఉంటుంది. పైగా ఇంజను పట్టు లేక బ్రేకుల మీద భారం పడుతుంది. ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలడం, ఇంజను ఆపి దింపడం ప్రాణాలకే ముప్పు. డీజిల్ మిగులుతుందన్న మాట కూడా నిజం కాదు కనుక ఆ అలవాటును పూర్తిగా మానాలి.

ఇలా దొర్లుతూ వెళ్ళేసరికి ఒక్కోసారి దీపం పచ్చగా మారుతుంది. అప్పటికి బండిలో 20 కిలోమీటర్ల వేగం మిగిలి ఉన్నా చాలు. మళ్ళీ 40కి రావడానికి కావలసిన శక్తిలో నాలుగో వంతు మిగిలినట్లే. మొదటి గేరు, క్లచ్చి పని కూడా తప్పుతుంది.

అయితే పసుపుదీపం పడిందని వేగం పెంచి కూడలి దాటే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు. తెల్లవారుజామున అనేక కూడళ్ళలో పసుపుదీపం మాత్రమే ఆరి వెలుగుతూ ఉంటుంది. దాని అర్థం ‘ఎవరూ లేరు, పొమ్మ’ని కాదు, ‘చూసుకుని నెమ్మదిగా దాట’మని. ప్యాకెట్ల వ్యానులు నడిపేవారు ఈ సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

నిలిచి ఉన్నప్పుడు

నిలిచిన బండిలో ఇంజను తిరుగుతుంటే, అది పాలివ్వని గేదెను మేపినట్లే. ఉన్నదంతా పోషణ ఖర్చే. మన రూటు వ్యానుల వంటి బండ్లు ఊరికే నిలిచి తిరిగితే గంటకు సుమారు అర లీటరు నుంచి లీటరు దాకా డీజిల్ తాగుతాయి. పది సంఘాల దగ్గర అయిదేసి నిమిషాలు ఇంజను ఆపకుండా క్యాన్లు ఎక్కిస్తే 50 నిమిషాలవుతుంది. అంటే ట్రిప్పుకు దాదాపు అర లీటరు అన్న మాట.

ఢిల్లీలో 2020లో ఎర్రదీపం దగ్గర ఇంజను ఆపమని ప్రభుత్వమే ఒక ప్రచారం నడిపింది. అది గాలి కాలుష్యం తగ్గించడానికి చేసింది, కాని ఇంధనానికీ అదే సూత్రం వర్తిస్తుంది. అర నిమిషం కన్నా ఎక్కువ ఆగవలసి ఉంటే ఇంజను ఆపడం లాభం. మళ్ళీ స్టార్టు చేయడానికి అయ్యే ఇంధనం కొద్ది సెకండ్లు ఊరికే తిరిగినంత మాత్రమే. టర్బో ఉన్న బండి ఎక్కువ బరువు లాగి ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే మాత్రం, ఆపే ముందు ఒక నిమిషం తిరగనివ్వాలి.

డ్రైవర్లు ఇంజను ఎందుకు ఆపరు? చాలాచోట్ల బద్ధకం కాదు కారణం. బ్యాటరీ బలహీనంగా ఉండి సెల్ఫు తీసుకోదేమోనన్న భయం. పాలు ఎక్కించుకుని నడివీధిలో బండి తోయించుకోవలసి వస్తుందన్న భయం. అటువంటప్పుడు డ్రైవరుకు బోధ చేయడం కన్నా బ్యాటరీ బాగుచేయించడం మేలు.

క్యానులోని పాల సంగతి

పాల బండికి మరే సరుకు బండికీ లేని చిక్కు ఒకటి ఉన్నది. లోపల ఉన్నది కదిలే సరుకు. బండి ఉరికినా, గుంజినట్లు ఆగినా క్యానులో పాలు ఎగిరి పడతాయి. నిండు క్యానులో అంత కదలిక ఉండదు. సగం క్యానులో మాత్రం కవ్వం వేసినట్లే. ఇంకా చల్లబడని పాలలో వెన్న చిన్న చిన్న రేణువులుగా కట్టి మూతకూ అంచులకూ అంటుకుంటుంది. అలా అంటుకున్న వెన్న కేంద్రంలో తీసే శాంపిలులోకి సరిగా రాదు. సంఘంలో వచ్చిన వెన్న శాతానికీ, కేంద్రంలో వచ్చిన శాతానికీ తేడా వస్తే దానికి కారణాలు అనేకం ఉండవచ్చు. ఆ కారణాల్లో మొరటు నడక కూడా ఒకటి. ఆ తేడా పడేది సంఘం ఖాతాలోనే.

ట్యాంకరు విషయంలో ఇది భద్రతకు సంబంధించిన సంగతి. లోపల శుభ్రంగా కడగడానికి వీలుగా పాల ట్యాంకులలో సాధారణంగా అడ్డుపలకలు పెట్టరు. సగం నిండిన ట్యాంకరుకు గట్టిగా బ్రేకు వేస్తే టన్నుల కొద్దీ పాలు వెనుక నుంచి ముందుకు అలలా వచ్చి కొడతాయి. ఆగిన బండిని కూడా ఆ అల కూడలిలోకి నెట్టగలదు. కనుక నెమ్మదిగా పుంజుకోవడం, నెమ్మదిగా తగ్గడం అన్నవి ట్యాంకరు డ్రైవరుకు పొదుపు సూత్రాలే కాదు, ప్రాణసూత్రాలు కూడా.

సంఘాలు చేయవలసినవి

భారమంతా డ్రైవరు మీద వేసి ఊరుకోవడం న్యాయం కాదు. అతని తొందరకు కారణం చాలాసార్లు మన ఆలస్యమే. పాలకవర్గాలు, కార్యదర్శులు ఈ క్రింది విషయాలు ఆలోచించాలని కోరుతున్నాము.

1. వ్యాను వచ్చే వేళకు క్యాన్లు మూతలు బిగించి, లెక్క వ్రాసి, రోడ్డు పక్క అరుగు మీద సిద్ధంగా ఉండాలి. అరుగు వ్యాను తొట్టి ఎత్తుకు దగ్గరగా ఉంటే ఎక్కించడం త్వరగా అవుతుంది.

2. వ్యాను ఆగే చోటు ఎత్తు మీదో, చదునుగానో ఉండేలా చూడాలి. పల్లంలో నిలిచి, నిండు బరువుతో ఎత్తు ఎక్కవలసి వస్తే క్లచ్చీ పోతుంది, డీజిలూ పోతుంది. కొన్నిచోట్ల ఇరవై గజాలు జరిపితే చాలు.

3. వందగజాల దూరంలో రెండు సేకరణ స్థలాలు ఉంటే, రెండింటి క్యాన్లూ ఒకేచోట చేర్చడానికి వీలుందేమో చూడాలి. తగ్గిన ప్రతి ఆగుడూ డీజిల్ ఆదాయే.

4. క్యాన్లను సగం సగం కాకుండా నిండుగా నింపి పంపాలి. చివరి క్యాను ఒక్కటే వెలితిగా ఉండాలి.

5. వ్యాను ఆలస్యంగా వస్తే డ్రైవరును నిందించే ముందు, వెనుకటి సంఘాల దగ్గర ఎంతసేపు నిలిచిందో రూటు పుస్తకంలో చూడాలి. వచ్చిన వేళ, పోయిన వేళ రెండూ వ్రాయించాలి.

మైలేజీ లెక్క పెట్టడం ఎలా?

మంచి మాటలు అందరూ వింటారు. మార్పు వచ్చిందో లేదో చెప్పేది లెక్క మాత్రమే. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక రోజు ట్యాంకు గొంతు దాకా నింపించి మీటరు రీడింగు వ్రాసుకోవాలి. వారం రోజులు మామూలుగా తిరిగిన తరువాత అదే బంకులో మళ్ళీ గొంతు దాకా నింపించాలి. తిరిగిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లతో భాగిస్తే మైలేజీ వస్తుంది.

ఉదాహరణకు 75 కిలోమీటర్ల రూటు, రోజుకు రెండు ట్రిప్పులు, వారానికి 1,050 కిలోమీటర్లు. 131 లీటర్లు పట్టిందంటే లీటరుకు 8 కిలోమీటర్లు. తరువాతి వారం పైన చెప్పిన పద్ధతిలో నడిపి చూడాలి. 124 లీటర్లే పడితే లీటరుకు దాదాపు 8½ కిలోమీటర్లు వచ్చినట్లు. ఒక్క వారంతో నిర్ణయానికి రాకుండా నాలుగు వారాలు చూడటం మంచిది. టైర్లలో గాలి తగ్గినా, బ్రేకులు పట్టి ఉన్నా మైలేజీ పడిపోతుంది గనుక ముందుగా అవి చూపించుకోవాలి. లేకపోతే బండి తప్పు డ్రైవరు మీద పడుతుంది.

‘మాది కాంట్రాక్టు వ్యాను, కిలోమీటరుకు ఇంత అని ఇస్తాము, ఆదా అయితే కాంట్రాక్టరుకే గదా’ అని కొందరు అడగవచ్చు. ఈ ఏడాదికి అది నిజమే. కాని మళ్ళీ రేటు మాట్లాడుకునే రోజు వస్తుంది. ఆ రోజు బండి ఇంతే మైలేజీ ఇస్తుందని అవతలివారు చెప్పినప్పుడు, రూటు నిజంగా ఎంత మైలేజీకి వీలిస్తుందో మన దగ్గర లెక్క ఉండాలి. లెక్క ఉన్నవారిదే బేరంలో పైచేయి. సొంత వాహనాలున్న చోట ఆదా అయిన దానిలో కొంత భాగం డ్రైవరుకు బహుమతిగా ఇవ్వడం ధర్మం, లాభం కూడా.

సభ్యుల మోటారు సైకిళ్ళు

చివరిగా మన సొంత బండ్ల మాట. రెండు పక్కలా క్యాన్లు తగిలించుకున్న మోటారు సైకిలు, మనిషి, పాలు కలిసి రెండు క్వింటాళ్ళు దాటుతాయి. దానిని 40 వేగానికి తేవడానికి రెండు మూడు మిల్లీలీటర్ల పెట్రోలు, 60కి అయిదారు మిల్లీలీటర్లు అవుతుంది. చూడటానికి చుక్కలే. కాని సంఘంలో రెండు వందల మంది సభ్యులు రోజుకు రెండుసార్లు తిరిగితే ఆ చుక్కలే డబ్బాలవుతాయి. ఇక్కడా సూత్రం అదే. హ్యాండిలు సగం దాకా తిప్పి, గేరు త్వరగా మార్చి, నాలుగు గేర్ల చిన్న బండి అయితే 40 దాటే లోపే టాప్ గేరుకు రావాలి. మలుపుకు ముందే చేయి వదలాలి. క్యాన్లు తగిలించిన బండిని ఉరికించి ఆపితే బండి పక్కకు లాగుతుంది, మనిషి పడతాడు. పెట్రోలు కన్నా పాలు విలువైనవి, పాల కన్నా మనిషి విలువైనవాడు.

చెప్పిన దంతా నాలుగు ముక్కల్లో ఇది. చాలినంత నొక్కి త్వరగా గేరు మార్చాలి. తరువాత ఆగే చోటికి చాలినంత వేగమే తీసుకోవాలి. బ్రేకుతో కాక ముందుచూపుతో ఆగాలి. ఆగినప్పుడు ఇంజను కూడా ఆగాలి. ఈ సంచికను మీ రూటు డ్రైవరుకు కూడా చదివి వినిపించండి. తరువాతి సర్వసభ్య సమావేశంలో మీ రూటు మైలేజీ ఎంతో కార్యదర్శిని అడగండి. ఆ అంకె బయటికి చదివే అలవాటు ఒక్కటి వస్తే చాలు, మిగిలినవి వాటంతట అవే చక్కబడతాయని మా నమ్మకం.